బడి ఎమ్మెల్యే రాయించిన పట్టీ

నా చిన్నప్పుడు, శనక్కాయ పీకడం అయిపోయిన నెల తిరక్కుండానే మా ఊరు సగం ఖాళీ అయ్యేది. కర్నూలు జిల్లాలో పడమటి దిక్కున, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న మెట్ట ఊరు మాది. వాన పడితే పంట, పడకపోతే లారీ. గుంటూరు వైపు మొదట పత్తి ఏరడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి మనుషులు బయలుదేరేవారు. దాన్ని మా దగ్గర సుగ్గికి పోవడం అంటారు. గుడారానికి పట్టలు, గిన్నెలు, జొన్నపిండి మూటలు, చంకన పిల్లలు అన్నీ లారీ ఎక్కేవి. ఇళ్లకు తాళాలు పడేవి. తాళం లేనివాళ్లు తలుపుకు ముళ్లకంప అడ్డం పెట్టిపోయేవారు. ఊళ్లో ముసలివాళ్లు, బడిపిల్లల్లో కొందరు, కుక్కలు మిగిలేవి.

ఆ సంవత్సరం నేను ఐదో తరగతి, మా అక్క ఏడు. అమ్మానాయనలతో పాటు అక్క కూడా లారీ ఎక్కింది. ఏడాది నిండని మా తమ్ముణ్ణి చేను గట్టున ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. నన్ను అవ్వ దగ్గర వదిలారు. అప్పట్లో ఏడో తరగతికి జిల్లా అంతటికీ ఒకే పరీక్ష ఉండేది. అది రాయకపోతే ఎనిమిదిలో చేర్చుకోరు. "పరీచ్చలకు తోలకొస్తాలే" అని నాయన లారీ మీద నుంచి అరిచాడు. అంతకు మూడేళ్ల ముందు పక్కింటి అక్కను తీసుకుపోతూ వాళ్ల నాయన కూడా అదే మాట అన్నాడు. ఆ అక్క పరీక్షకు రాలేదు. మరుసటి ఏడు పత్తి విత్తనాల చేలో పువ్వుకు పువ్వు రుద్దే క్రాసింగ్ పనికి పోయింది, పై ఏడు పెళ్లయింది. ఈ వరస నాకు ఎక్కం మాదిరి కంఠతా వచ్చు. అందుకే ఆ చలికాలమంతా నాకు కాలు ఒక చోట నిలవలేదు. లారీలు వచ్చే దారిలోకి పోయి చూసి వచ్చేవాణ్ణి, మళ్లీ పోయేవాణ్ణి. "కాలికి బలపం కట్టుకున్యావేమిరా" అని అవ్వ తిట్టేది.

నాకు లెక్కపెట్టే అలవాటు ఉండేది, ఇప్పటికీ ఉంది. బళ్లో రిజిస్టరు ప్రకారం తొంభై ఏడు మందిమి. సుగ్గి రోజుల్లో గదుల్లో కూర్చునేది యాభై నలుగురం. తక్కువైన నలభై ముగ్గురినీ మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, రోజూ హాజరు వేసేవారు. అది మోసమని నాకప్పుడు తోచలేదు. ఎక్కువ రోజులు రాని పిల్లల పేర్లు కొట్టెయ్యాలని పైనుంచి ఉత్తర్వు ఉండేది. పేరు కొట్టేస్తే ఆ పిల్ల మళ్లీ బడి గడప ఎక్కదని ఆయన భయం. అందుకని ఎర్ర సిరా పెన్ను ముట్టకుండా అందరికీ నల్ల సిరాతో గీతలు పెట్టుకుంటూ పోయేవారు.

మా ఎమ్మెల్యే సారు గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన ఒకప్పుడు లెక్కల సారు. కూలి పనిచేసుకునే ఇంట్లో పుట్టి, చర్చివాళ్ల హాస్టల్లో ఉండి చదువుకున్నారు. ఇరవై ఏళ్లు పాఠం చెప్పి, ఉద్యోగానికి రాజీనామా చేసి, రెండుసార్లు గెలిచారు. ఊళ్లలో ఆయన్ను 'బడి ఎమ్మెల్యే' అనేవారు. అది మెప్పుదల మాట కాదు. కాంట్రాక్టు పని అడగను పోయినవాణ్ణి మీ ఊరి బళ్లో ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉందా అని అడిగేవారట. పెళ్లిపత్రిక ఇస్తే పెళ్లికూతురు ఎంతవరకు చదివిందని అడిగేవారట. మా ఊరి టీ అంగడి ఆయన రోజూ ఒక కొత్త మాట కలిపేవాడు. "రోడ్డు అడిగితే బడి అంటాడు, బోరు అడిగితే బడి అంటాడు. రేపు పీనుగును మోసుకపోతాంటే ఆపి, ఈయప్ప ఏ క్లాసు అంటాడు, చూస్తాండండి."

ఆయన చేసిన పనులు శిలాఫలకం వేసుకునే రకం కావు. మా వైపు ఆర్టీసీ బస్సు బడి గంట కొట్టిన ముక్కాలు గంటకు వచ్చేది. డిపో చుట్టూ ఏడాది తిరిగి ఆ బస్సును బడి గంటకు ముందే వచ్చేటట్టు జరిపించారు. ఒక బడి నుంచి ఇద్దరు సార్లను ఒకేసారి బదిలీ చేయకూడదని పోట్లాడి సాధించారు. అసెంబ్లీలో ప్రతి సమావేశంలోనూ ఒక ప్రశ్న వేసేవారు, అది బడి గురించే ఉండేది. జవాబు రాకపోతే తర్వాతి సమావేశంలో అదే ప్రశ్న మళ్లీ వేసేవారు. హైదరాబాదులో కూడా ఆయన్ను చూస్తే పక్కకు తప్పుకునేవారని పెద్దలు చెప్పుకునేవారు.

మా ఊరివాళ్లు ఆయన్ను అడిగింది హైస్కూలు. ఏడో తరగతి దాటితే ఏడు మైళ్లు పోవాలి. మగపిల్లలు సైకిలు తొక్కేవారు, ఆడపిల్లలు ఆగిపోయేవారు. చివరికి ఆయన, బడి చూడడానికి వస్తానని కబురు పంపారు. వచ్చేది నడి సుగ్గిలో.

సర్పంచు, పెద్దసారు వరండాలో కూర్చుని మాట్లాడుకున్నారు. నేను చాక్‌పీసుల డబ్బా సర్దే వంకతో అక్కడే ఉన్నాను.

"స్ట్రెంతు లేకపోతే హైస్కూలు ఇయ్యరు సార్. బెంచీలు నింపల్ల" అన్నాడు సర్పంచు.

"యాడనుంచి నింపల్లప్పా? గుంటూరు నుంచి తేల్లా?"

"కాలువ కింది ఊర్లో పిల్లోళ్లు సుగ్గికి పోరు కదా. ఆ బడి సారు మీ దోస్తే కదా. ఒక్క పూటకు అడుగుదాం. నా ట్రాక్టరు పంపిస్తా."

పెద్దసారు లేచి రిజిస్టరు తెచ్చుకున్నారు. తర్వాత నన్ను పిలిచారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు పడింది. నలభై మూడు చీటీలు. ఒక్కో చీటీ మీద రాని పిల్ల పేరు, తండ్రి పేరు, తరగతి, అన్నాతమ్ముళ్లు ఉంటే వాళ్ల వివరం. వచ్చే పిల్లలకు ఒక్కొక్కటి ఇచ్చి బట్టీ పట్టించాలి. ఎనిమిదో చీటీ మా అక్కది. ఆ చీటీలో అన్నాతమ్ముళ్లు అన్న చోట నా పేరే నేను రాశాను. హైస్కూలు వస్తే అక్కకే కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఆ రోజు ట్రాక్టరు పొద్దున్నే వచ్చింది. పిల్లలందరికీ బూందీ పొట్లం ఇస్తామని చెప్పి తెచ్చారు. మా అక్క చీటీ తీసుకున్న పిల్ల మా అక్క కంటే పొడుగు, రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు. చీటీ చదివి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా మా తమ్ముడు?"

నేను చేతిలో మిగిలిన చీటీలు లెక్కపెట్టసాగాను.

"మీ అక్క మంచిదేనా? సార్ల కాడ తిట్లు తింటాదా?"

"తినదు."

"అట్లయితే నాకు కష్టమే" అని నవ్వింది. "ఏదీ, ఒక్కసారి అక్కా అను."

అనలేదు. ఆ పిల్ల పోయి మా అక్క కూర్చునే చోట, కిటికీ పక్కన కూర్చుంది. ఆ చోటు ఖాళీగా ఉన్న అన్ని రోజుల్లోనూ నాకు అంత బాధ కలగలేదు. కూర్చోలేక బయటికి వచ్చేశాను. బడి చుట్టూ రెండుసార్లు తిరిగాను. అప్పుడే ఎమ్మెల్యే సారు జీపు వచ్చింది. వచ్చింది గేటు దగ్గరికి కాదు. అక్కడ సర్పంచు పూలదండతో ఎదురుచూస్తున్నాడు. జీపు బడి వెనక, బండలు కప్పిన వంటగది దగ్గర ఆగింది.

తెల్ల చొక్కా మోచేతుల దాకా మడిచిన సన్నపాటి మనిషి దిగారు. నేను గోడ మూలన ఉన్నాను. వంటచేసే ఆయమ్మ ఎసట్లో బియ్యం పోస్తోంది. ఆయన తలవంచి లోపలికి పోయి, "ఎంతమందికి వండుతాండావమ్మా?" అని అడిగారు.

"రోజూ మాదిరే సార్, యాభై నలుగురికి. ఎక్కువ పెడితే పారబోయల్ల, తక్కువ పెడితే పిల్లోళ్లు నా కొంగు పట్టుకుంటారు."

పేర్లు నేర్పించాం, తండ్రి పేర్లు నేర్పించాం, కూర్చునే చోట్లు చూపించాం. ఆయమ్మకు చెప్పడం అందరం మరిచిపోయాం.

ఆయన గోడవారగా పేర్చిన బియ్యం మూటల్ని చూశారు. "ఇవి ఎవరివి?"

"రాని పిల్లోళ్లవి సార్. పెద్దసారు ముట్టుకోనియ్యడు. మూతి కుట్టి పెట్టించినాడు. వాళ్లు వచ్చినాక వాళ్లకే అంటాడు."

నేను పెద్దసారుకు చెప్పాలని పరిగెత్తాను. నేను ముందు వాకిలికి చేరేలోపే ఆయన పక్క వాకిలి గుండా పెద్ద గదిలోకి వచ్చేశారు. అన్ని తరగతులనూ అందులోనే కూర్చోబెట్టారు. దండ వేయించుకోకుండా చేత్తో పట్టుకుని, బల్ల మీద పెట్టి, రిజిస్టరు అడిగారు. తానే హాజరు పిలిచారు. ఒక్కో పేరూ నిదానంగా చదివి, పలికినవాళ్ల మొహం చూసి, తర్వాతి పేరుకు పోయేవారు. ఒక పేరుకు ఇద్దరు పలికారు. ఇంకొకడు పలకడం మరిచిపోతే పక్కవాడు మోచేత్తో పొడిచాడు. పెద్దసారు చొక్కా వీపు మీద చెమటతో అంటుకుపోయింది.

మా అక్క పేరు వచ్చింది. కిటికీ పక్క పిల్ల లేచి, "ప్రెజెంట్ సార్" అంది, గంట కొట్టినట్టు.

ఆయన ఆగారు. "నీ తోడబుట్టినోళ్లు ఈ బళ్లో ఉండారా పాపా?"

ఆ పిల్ల తడుముకోకుండా నా వైపు చెయ్యి చూపించింది. ఆయన నన్ను చూశారు. "ఏమప్పా, ఈమె మీ అక్కేనా?"

నేను పెద్దసారు వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. వంటగదిలో ఏం జరిగిందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఎమ్మెల్యే సారుకు అంతా తెలుసనీ నాకు తెలుసు. అయినా, "అవును సార్" అన్నాను.

ఆయన కొంచెంసేపు నన్నే చూసి, రిజిస్టరు మూశారు. "మంచిది. అందరూ ఉండారు, ఒక్కరూ తక్కువ లేరు. హైస్కూలుకు నేను రాస్తా. పిల్లోళ్లంతా ఈడనే ఉంటే ఇంగ నేను చూసేది, అడిగేది ఏముంటాది? పోయొస్తా." అంతే. లేచి, ఎవరి టీ తాగకుండా, జీపెక్కి పోయారు.

గది ఒక్కసారి గోలగోలయింది. సర్పంచు పెద్దసారును పట్టుకుని ఊపేశాడు. బూందీ బుట్ట వచ్చింది. నేను మాత్రం అక్కడే నిలబడి ఆ మాటలు వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంటున్నాను. పిల్లలంతా ఈడనే ఉంటే ఇంగ అడిగేది ఏముంది. మా అక్క ఈడే ఉందని తమ్ముణ్ణి, నేనే చెప్పాను. ఈడ ఉన్న పిల్లను తేవడానికి గుంటూరు ఎవరు పోతారు? హైస్కూలు జూన్‌లో వస్తుంది. పరీక్ష మార్చిలో అయిపోతుంది. పరీక్ష రాయని పిల్లకు ఇంటి పక్కన హైస్కూలున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

పరిగెత్తాను. కోసేసిన కంది చేలకు అడ్డంపడి, మొదళ్లు కాళ్లకు గుచ్చుకుంటుంటే, డొంక దారి తారురోడ్డును కలిసే మలుపుకు పోయాను. జీపు దాటిపోయి ఉంటుందనుకున్నాను. పోలేదు. ఆయన కిందికి దిగి, వేపచెట్టు నీడన నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

ఊపిరి అందలేదు నాకు. "మా అక్క ఈడ లేదు సార్. గుంటూరు దిక్కు మిరప చేలో ఉండాది. మా తమ్ముణ్ణి ఎత్తుకుంటాది. పరీచ్చ ఉండాది సార్ ఆమెకు."

"మరి ఆ రిబ్బన్ల పాప?"

"పక్కూరి పిల్ల. ట్రాక్టరులో వచ్చింది."

"గట్టిగా పలికింది కదప్పా."

"మా అక్క ఇంకా గట్టిగా పలుకుతాది సార్."

ఆయన నవ్వారు. నవ్వి, కళ్లద్దాలు పెట్టుకున్నారు. "ఊరంతట్లో ఒక్కరన్నా ఎనక వస్తారేమోనని చూస్తాండా. ఇంగో ఐదు నిమిషాలు చూసి పోదామనుకుంటి. జీపెక్కు."

ఎక్కుతూ నేను అడిగాను, మా పెద్దసారును జైలుకు పంపిస్తారా అని. దానికి ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "దొంగ అయితే ఆ మూటలు ఆడ ఉంటాయా? హాజరు తొంభై ఏడు మందికి వేసి, బియ్యం యాభై నలుగురికే తీసినాడు. మీ పెద్దసారుకు దొంగతనం కూడా సరిగ్గా రాదు."

జీపు తిరిగి వచ్చేసరికి బూందీ తింటున్న చేతులన్నీ ఆగిపోయాయి. పెద్దసారు నన్ను జీపులో చూశారు. ఆయన మొహంలో కోపం వస్తుందనుకున్నాను. భుజాల మీద నుంచి మూట దించుకున్న మనిషిలా కనిపించారు. ఎమ్మెల్యే సారు ఎవరినీ తిట్టలేదు. వరండా మెట్టు మీద కూర్చుని, సర్పంచును కూడా కూర్చోమన్నారు.

"నిండు బెంచీలు చూపిస్తే నేను చప్పట్లు కొట్టి పోతా. ఖాళీ బెంచీలు చూపిస్తే పిల్లోళ్లకు హాస్టలు అడుగుతా. వాళ్ల అమ్మానాయన సుగ్గికి పోయినా వాళ్లు ఈడనే తిని, ఈడనే పండుకునేటట్ల. ఏది కావల్లో మీరే చెప్పండప్పా."

"మళ్లా హైస్కూలు సార్?" అన్నాడు సర్పంచు.

"యాభై నలుగురికి హైస్కూలు ఇయ్యరు. అది ఇప్పుడు రాదు."

అందరూ నన్ను చూశారు. ఆ చూపులు నాకు ఇప్పటికీ వీపు మీద తగులుతుంటాయి.

ఆయన కొత్త నోటుబుక్కు ఒకటి తెప్పించి నా ముందు పెట్టారు. రాని పిల్లల పట్టీ రాయమన్నారు. స్కేలు పెట్టి గడులు గీయించారు. పేరు, తరగతి, ఎవరితో పోయింది, ఏ ఊరికి, ఎవరి చేనికి, కూలీలను తీసుకుపోయిన మేస్త్రీ ఎవరు. ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. మా అవ్వ కూడా వచ్చింది. కొందరికి ఊరి పేరు తెలియదు. నాకు తొందర ఎక్కువ కదా, పక్కవాళ్లు పోయిన ఊరే వీళ్లకూ రాసేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "తెలియకపోతే గడి ఖాళీగా వదులు. ఖాళీ గడిని నేను చూసుకుంటా. తప్పు గడితో ఏం చేయల్ల నేను?" మధ్యలో అన్నం చాలదని ఆయమ్మ లబోదిబోమంది. పెద్దసారు స్వయంగా పోయి ఒక మూట కుట్టు విప్పారు. ట్రాక్టరు పిల్లలు తిని పోయారు. ఎమ్మెల్యే సారు అందరికంటే చివర, అడుగంటిన అన్నం తిన్నారు.

పెద్దసారు సెలవు పెట్టి, ఆ పట్టీకి ఒక నకలు తీసుకుని గుంటూరు పోయారు. పది రోజుల తర్వాత పదకొండు మందితో వచ్చారు. అందులో మా అక్క ఉంది, చంకలో తమ్ముడున్నాడు. మా నాయన మొదట ఒప్పుకోలేదట. పిల్లోణ్ణి ఎవరు చూస్తారు అన్నాడట. పెద్దసారు నాయన కాళ్ల వైపు వంగబోతే, నాయన హడలిపోయి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడని అక్క చెప్పింది. తమ్ముణ్ణి చూసుకునే పని నాకు, అవ్వకు పడింది. అక్క పరీక్ష రాసింది. రాసిన గదిలో వెనక బెంచీలో రిబ్బన్ల పిల్ల. పేరు పిలవగానే వెనకనుంచి అక్కను గిల్లి, "నువ్వేనా? నీ పేరు మీద నేను బూందీ కూడా తినింటి" అందట. వాళ్లిద్దరూ ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటారు.

ఊరు నన్ను అంత తొందరగా క్షమించలేదు. టీ అంగడి ఆయన నాకు 'హైస్కూలు' అని పేరు పెట్టాడు. "ఏమప్పా హైస్కూలు, యాడికి పోతాండావు?" అని దారిలో ఆపేవాడు. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు నవ్వేవారు కూడా కాదు. వాళ్ల కోపం తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. హైస్కూలు ఇంకో ఆరేళ్లకు గానీ రాలేదు. మా అక్క ఎనిమిది నుంచి పది దాకా, సారు జరిపించిన ఆ బస్సులో పోయి చదివింది. అందరు ఆడపిల్లలకూ బస్సు ఎక్కే ధైర్యం, పంపే ఇల్లు లేవు.

ఎమ్మెల్యే సారు ఆ నలభై మూడు పేర్లనూ అసెంబ్లీలో చదివారు. ఏ పిల్ల ఏ చేలో ఉందో కూడా చదివారు. మరుసటి సుగ్గికి మా బళ్లోనే చాపలు, ట్రంకుపెట్టెలు, ఇద్దరు ఆయమ్మలతో హాస్టలు మొదలైంది. ఆయమ్మ ఎసరు రెండింతలైంది. కానీ మన ఊరి పరువును హైదరాబాదులో పరిచినాడని పెద్దమనుషులకు గుచ్చుకుంది. ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. మళ్లీ ఎప్పుడూ గెలవలేదు. మాజీ అయ్యాక బస్సులో తిరిగేవారు. ఏ ఊళ్లో దిగినా ముందు వంటగది వైపే పోయేవారని విన్నాను. తన ఓటమి గురించి ఎవరైనా కదిలిస్తే, ఆ ఏడు హాస్టల్లో ఎంతమంది పిల్లలున్నారో చెప్పేవారట.

మా అక్క ఇప్పుడు మైదుకూరులో ల్యాబ్ టెక్నీషియను. నేను హాస్టళ్లలో చదివి, ఇంజనీరునై, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. గంట గంటకూ కొలతలు రాసే పుస్తకం మాది. యంత్రం మొరాయించి కొలత రాకపోతే, కొత్తగా చేరిన పిల్లలు అంతకు ముందు గంట అంకెనే మళ్లీ రాసేస్తారు. చూడటానికి పేజీ నిండుగా ఉంటుంది. నేను ఆ అంకె కొట్టేయించి గడి ఖాళీగా ఉంచమంటాను. ఎందుకని అడిగితే మా బడి సంగతి చెబుతాను. చాలా ఏళ్లు ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నది అంతేననుకున్నాను.

పోయిన వారం మా ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల వరస పక్కనుంచి నడుస్తుంటే ఒక డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నువ్వు హైస్కూలు కదా?"

మా ఊరివాడే. అక్క తరగతి. ఆ ఏడు సుగ్గికి పోయిన నలభై ముగ్గురిలో ఒకడు, ఇరవై ఎనిమిదో పేరు. తర్వాత వాళ్ల కుటుంబం తిరిగి ఊరికి రానేలేదు. కిందికి దిగి నా భుజం మీద చెయ్యి వేశాడు. టీ తాగుతూ, "నీ పేరు నేను రాసింటి" అన్నాను, గొప్పగానే.

"రాసినావని తెలుసులే. శానా రోజులకు పెద్దసారు కనపడితే చెప్పినాడు." గ్లాసు అడుగు చూసుకుంటూ నవ్వాడు. "నువ్వు ఏ ఊరని రాయలేదంట కదప్పా. ఆ గడి ఖాళీ అంట. సారు మా పక్క చేను దాకా వచ్చి, మమ్మల్ని కనుక్కోలేక పోయినాడంట. మేము కాలువ అవతల ఉన్నింటిమి."

నేను గ్లాసు కింద పెట్టాను. వాళ్ల ముసలమ్మకు ఊరి పేరు తెలియదని ఆ రోజు గడి వదిలేశాను. వదలమన్నారు కాబట్టి వదిలాను. ఎమ్మెల్యే సారు చూసుకుంటానన్నది ఆయన వంతు. వాళ్లను తీసుకుపోయిన మేస్త్రీ ఇంటికి పోయి అడగడం నా వల్ల అయ్యే పనే. మా వీధికి రెండు వీధుల అవతలే ఆ ఇల్లు. ఆ సాయంత్రం మా అక్క గడులు నిండాయని నేను బూందీ తిని ఇంటికి పోయాను. ఇన్నేళ్లూ ఖాళీ గడి వదలడమే నిజాయితీ అని పదిమందికి పాఠం చెప్పాను. లేచి పోయి వెతికితే తప్ప ఆ గడికి ఉపయోగం లేదని వాడు నవ్వుతూ చెబితే తెలిసింది.

లారీ కదిలే వేళయింది. పిల్లలెంతమంది అని అడిగాను. ఒక్కతే పాప అన్నాడు. ఏం చదువుతోంది అంటే ఆరు అన్నాడు. ఎక్కడ అంటే తల గోక్కున్నాడు. "ఇప్పుడు బడి లేదులే. వాళ్లమ్మ ఎంబడి మిరప కోతకు పోయిండాది. వస్తాదిలే పరీచ్చలకు."

నేను లారీ తలుపు పట్టుకున్నాను. ఏ ఊరు అని అడిగాను. ఎవరి చేను, మేస్త్రీ ఎవరు, కాలువకు ఇవతలా అవతలా అని అడిగాను. తెలియదన్న ప్రతిదానికీ వాడి చేత భార్యకు ఫోను చేయించాను. వెనక లారీలవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు. "ఏమప్పా, పోలీసోని మాదిరి అడుగుతాండావు" అని వాడు విసుక్కున్నాడు గానీ, అన్నీ చెప్పాడు.

పాపను మా అక్క తన దగ్గర ఉంచుకుని బడికి పంపుతానంది, వాడూ వాడి భార్యా సరేనన్నారు. సెలవు అడిగాను, ఇచ్చారు. శనివారం రాత్రి బండికి గుంటూరు పోతున్నాను.